తుపాను తర్వాత పాత కంప్యూటర్లో వీడియో కార్డు డ్రైవర్ ఎక్కడం లేదు, దయచేసి సాయం చేయండి

సఖినేటిపల్లి తీరం (2025 నవంబర్ 6, రాత్రి 8:10)

అందరికీ నమస్కారం. మాది వశిష్ఠ గోదావరి ఒడ్డున సఖినేటిపల్లికి దగ్గర్లో ఒక పల్లె. 2014లో కొన్న కంప్యూటర్ ఇంకా వాడుతున్నాం. కోర్ ఐ3 4130 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. మూడేళ్ల క్రితం ఎస్‌ఎస్‌డీ వేయించాను. జీఫోర్స్ జీటీ 730, 2 జీబీ వీడియో కార్డు ఉంది. నా భార్య ఇంట్లోనే శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు తయారు చేస్తుంది. రెండు మానిటర్లు. ఒకదానిలో డిజైను, రెండోదానిలో ప్రూఫు.

అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర్లో తీరం దాటింది. మా వీధికి మూడు రోజులు కరెంటు లేదు. కరెంటు వచ్చాక కంప్యూటర్ పెట్టగానే ఎఫ్1 నొక్కమని అడిగింది, నొక్కితే విండోస్ వచ్చింది. కానీ అప్పుడప్పుడు తెర ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ వచ్చేది. కార్డును విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రామ్, అదే డ్రైవర్, పాడై ఉంటుందనుకుని కొత్తది వేయబోయాను. అప్పటి నుంచి పరిస్థితి ఇంకా దిగజారింది. ఒక మానిటరే పనిచేస్తోంది, అక్షరాలన్నీ పెద్దవిగా సాగిపోయి కనిపిస్తున్నాయి, పావుగంటకోసారి తెర పూర్తిగా నల్లబడి ఆపి మళ్ళీ పెట్టాల్సి వస్తోంది. డ్రైవర్ వేయబోతే మీ కంప్యూటర్‌కు సరిపడే పరికరం కనబడలేదని చెప్పి ఆగిపోతోంది. కార్డు కళ్ల ముందే ఉంది, లేదంటుంది!

ఇది ఫోను నుంచి రాస్తున్నాను.

కాకినాడ కడలి (నవంబర్ 6, రాత్రి 8:45)

అక్షరాలు సాగిపోవడం, రెండో మానిటర్ పోవడం చూస్తే మీ పాత డ్రైవర్ తొలగిపోయి, విండోస్ తనతో తెచ్చుకున్న ప్రాథమిక డ్రైవర్ మీద నడుస్తోందని అర్థం. అది ఒక తెరను మాత్రమే చూపగలదు. కంప్యూటర్లోని పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరిచి డిస్‌ప్లే అడాప్టర్ల కింద ఏ పేరు ఉందో రాయండి. ఆ పేరు మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్‌కు వెళ్తే హార్డ్‌వేర్ ఐడీ అని ఉంటుంది. అందులో మొదటి వరుస యథాతథంగా కావాలి. అట్టపెట్టె మీద రాసిన పేరును మాత్రం నమ్మవద్దు. కారణం తర్వాత చెబుతాను.

సఖినేటిపల్లి తీరం (నవంబర్ 6, రాత్రి 9:05)

చూసి రాస్తానండి. కానీ నాకు అంతకంటే పెద్ద చిక్కు ఒకటి ఉంది. మా పక్కింటి పెద్దాయన కాలం చేశారు. సోమవారం పెద్దకర్మ. కార్డు రేపు ఉదయానికి ప్రెస్సుకు పంపాలి. పెళ్లి శుభలేఖ అయితే రెండు రోజులు గడువు అడగవచ్చు, దీనికి అడగలేం కదా. సగం టైపు చేసిన ఫైలు అందులోనే ఉంది. పావుగంటకోసారి ఆగిపోతే తను ఏం చేయగలదు?

అమలాపురం అక్షరం (నవంబర్ 6, రాత్రి 9:20)

డ్రైవర్ సంగతి రేపు చూసుకోవచ్చు. ముందు ఆ కార్డు పని కానివ్వండి. నేనూ ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, ఆ కంగారు నాకు తెలుసు.

మీ ఐ3 4130 ప్రాసెసర్లోనే బొమ్మ చూపించే భాగం ఒకటి ఉంది. వీడియో కార్డు లేకపోయినా కంప్యూటర్ నడుస్తుంది. ప్లగ్గు తీసేయండి. పవర్ మీట ఒకసారి నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన విద్యుత్తు పోతుంది. క్యాబినెట్ ఇనుపరేకును చేత్తో ముట్టుకుని, ఆ తర్వాత వీడియో కార్డు మర విప్పి, స్లాటు చివర ఉన్న చిన్న లాకు నొక్కి, కార్డును నిటారుగా పైకి తీయండి. మానిటర్ తీగను మదర్‌బోర్డు మీదున్న పోర్టుకు తగిలించండి. ఆ పోర్టు కీబోర్డు తగిలించే చోటికి దగ్గర్లో ఉంటుంది. కార్డు పెట్టి ఉన్నంతసేపు ఆ పోర్టు సాధారణంగా పనిచేయదు, అందుకే చాలామంది అది చెడిపోయిందనుకుంటారు.

తెర అంత బాగా కనిపించకపోవచ్చు, పేజీ పూర్తిగా పట్టకపోవచ్చు. అక్షరాలు దిద్దడానికి అది చాలు.

సఖినేటిపల్లి తీరం (నవంబర్ 6, రాత్రి 11:35)

అక్కా, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. వచ్చింది! గంటన్నర సేపు ఒక్కసారి కూడా ఆగలేదు. తను టైపు పూర్తి చేసింది, పెద్దాయన కొడుకు ఇంటికి వచ్చి పేర్లు చూసుకుని వెళ్లారు, ఫైలు ప్రెస్సుకు పంపేశాం. పదకొండేళ్లుగా ఈ పెట్టె ఇంట్లో ఉంది, వెనక ఆ పోర్టు ఎందుకుందో ఇవాళ తెలిసింది.

బోర్డు మీద రెండో పోర్టు కూడా ఉంది కానీ అది ఉప్పు గాలికి తుప్పు పట్టిపోయింది. రెండు మానిటర్లు కావాలంటే వీడియో కార్డు బాగుపడాల్సిందే. రేపు మళ్ళీ పెట్టి ఆ ఐడీ చూస్తాను.

భీమవరం బెంచి (నవంబర్ 7, ఉదయం 7:15)

నేను రిపేరు బల్ల దగ్గర కూర్చునేవాణ్ణి. మీరు మొదటి టపాలో ఒక మాట రాసి వదిలేశారు, ఎఫ్1 నొక్కమని అడిగిందని. అది చిన్న విషయం కాదు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఒక బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032. గోడ కరెంటు లేనప్పుడు గడియారాన్నీ, బయాస్ (విండోస్ కంటే ముందు నడిచే బోర్డు ప్రోగ్రామ్) సెట్టింగులనూ బతికించేది అదే. పదకొండేళ్ల యంత్రంలో అది ఎప్పుడో అయిపోయి ఉంటుంది. రోజూ ప్లగ్గులో ఉంటుంది కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు. మూడు రోజుల కోతతో అంతా చెరిగిపోయింది. తుపానుల తర్వాత నా బల్ల మీదికి వచ్చే యంత్రాల్లో దీన్ని ఎన్నోసార్లు చూశాను.

ఒక ప్రశ్న. మీ కంప్యూటర్లో తేదీ ఎంత చూపిస్తోంది? అందులో వెబ్‌సైట్లు తెరుచుకుంటున్నాయా?

సఖినేటిపల్లి తీరం (నవంబర్ 7, ఉదయం 8:00)

ఇప్పుడే చూశాను. 2013 జనవరి అని ఉంది! తేదీని ఎవరం గమనించలేదు. వెబ్‌సైట్లు తెరవబోతే ఈ చోటు సురక్షితం కాదని చెప్పి చాలావరకు ఆపేస్తోంది. అసలు జరిగింది చెబుతాను. కార్డు తయారీదారు సైటు కూడా అలాగే తెరుచుకోలేదు. వెతకగా డ్రైవర్లను తానే కనిపెట్టి వేస్తానని చెప్పే ఒక ఉచిత ప్రోగ్రామ్ వేరే చోట దొరికింది. దాన్ని దించుకుని నడిపాను. పాత డ్రైవర్ తీసేసింది, కొత్తది సగంలో ఆగిపోయింది. అది చెప్పడానికి నిన్న మొహమాటపడ్డాను.

భీమవరం బెంచి (నవంబర్ 7, ఉదయం 8:20)

మొహమాటం వద్దండీ. ఆ వివరం లేకపోతే మేమందరం మరో వారం చీకట్లో వెతికేవాళ్లం.

సురక్షిత వెబ్‌సైటు తన గుర్తింపు పత్రాన్ని చూపిస్తుంది, దానికి మొదలు తేదీ, గడువు తేదీ ఉంటాయి. మీ యంత్రం తాను 2013లో ఉన్నాననుకుంటే, 2025 నాటి పత్రం దానికి ఇంకా పుట్టనే లేదు. అందుకే అసలు సైటునే అనుమానించి ఆపింది. తేడా ఇన్నేళ్లుంటే విండోస్ తనంతట తాను గడియారం సరిదిద్దుకోదు, మీరే సరిచేయాలి. ముందు బ్యాటరీ మార్చండి, తర్వాత బయాస్‌లో తేదీ పెట్టండి. ఆ ఉచిత ప్రోగ్రామ్‌ను పూర్తిగా తొలగించండి, యాంటీవైరస్‌తో ఒకసారి మొత్తం తనిఖీ చేయించండి.

సఖినేటిపల్లి తీరం (నవంబర్ 7, సాయంత్రం 5:30)

పంటు ఎక్కి గోదావరి దాటి నరసాపురం వెళ్లి బ్యాటరీ తెచ్చాను. తేదీ నిలిచింది, ఎఫ్1 అడగడం మానేసింది, సైట్లు తెరుచుకుంటున్నాయి. ఆ ప్రోగ్రామ్ తీసేశాను. వీడియో కార్డు మళ్ళీ పెట్టి చూస్తే ఐడీ ఇలా ఉంది: పీసీఐ, వీఈఎన్ 10డీఈ, డీఈవీ 0ఎఫ్02. ఆ తర్వాత ఇంకా పొడుగ్గా ఉంది, అదీ కావాలా?

కాకినాడ కడలి (నవంబర్ 7, సాయంత్రం 6:10)

చాలు, మొత్తం కథ ఈ రెండు ముక్కల్లోనే ఉంది. మొదటిది తయారీదారు సంఖ్య. 10డీఈ అంటే ఎన్విడియా, 1002 అయితే ఏఎండీ, 8086 అయితే ఇంటెల్. రెండోది చిప్పు సంఖ్య. మీది 0ఎఫ్02.

నిన్న అట్టపెట్టె పేరును నమ్మవద్దన్నది ఇందుకే. జీటీ 730 పేరుతో 2014లో ఒకటి కాదు, వేర్వేరు చిప్పులతో కార్డులు వచ్చాయి. కొన్నిటిలో కెప్లర్ తరం చిప్పు, 384 కోర్లు, 64 బిట్ల మెమరీ దారి. వాటి సంఖ్య ఎక్కువగా 1287 ఉంటుంది. ఇంకొన్నిటిలో అంతకంటే పాతదైన ఫెర్మీ తరం చిప్పు, 96 కోర్లు, 128 బిట్ల దారి. మీది ఈ రెండోది. పెట్టె మీద పేరు ఒకటే, లోపల తరాలు వేరు, కాబట్టి డ్రైవర్లూ వేరు.

కెప్లర్ కార్డులకు 470 శ్రేణి డ్రైవర్లు ఆఖరివి. 2021లో వాటికి కొత్త ఆటల మద్దతు ఆగిపోయి, 2024 సెప్టెంబర్ వరకు భద్రతా సవరణలు మాత్రం వచ్చాయి. ఫెర్మీ కార్డులకు 2018 మార్చిలో వచ్చిన 391.35 దగ్గరే ప్రధాన మద్దతు నిలిచిపోయింది. మీరు వాడిన ప్రోగ్రామ్ జీటీ 730 అన్న పేరు చూసి కెప్లర్‌కు చెందిన డ్రైవర్ తెచ్చి ఉంటుంది. దాని జాబితాలో 0ఎఫ్02 లేదు. సరిపడే పరికరం కనబడలేదని అది చెప్పింది అబద్ధం కాదు, దాని లెక్కలో మీ కార్డు నిజంగానే లేదు.

ఇప్పుడు చేయాల్సింది. ఎన్విడియా సొంత సైటులో 391.35, విండోస్ 10, 64 బిట్లది దించుకోండి. డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత పనిముట్టు ఉంది, పొట్టిగా డీడీయూ అంటారు, దాన్ని కూడా దాని సొంత సైటు నుంచే తెచ్చుకోండి. రెండూ డిస్కులో పెట్టుకున్నాక ఇంటర్నెట్ తీసేయండి. ఇది ముఖ్యం. మీరు పాతవి తుడిచి కొత్తది వేసే లోపు విండోస్ మధ్యలో తనకు తోచింది తెచ్చి వేయకుండా ఉంటుంది. షిఫ్టు మీట పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే విండోస్ కనీస భాగాలతో మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లే దారి వస్తుంది. అక్కడ డీడీయూ నడిపి సగం మిగిలిన ముక్కలన్నీ తుడిచేయండి. మామూలుగా మొదలయ్యాక 391.35 వేయండి. వేసేటప్పుడు శబ్దం కోసం, త్రీడీ కళ్లద్దాల కోసం ఇచ్చే అదనపు భాగాలు మీకు అక్కర్లేదు, గ్రాఫిక్స్ డ్రైవర్ ఒక్కటే ఉంచండి.

సరిగ్గా వేసుకుందో లేదో డివైస్ మేనేజర్లో తెలుస్తుంది. అక్కడ వెర్షన్ 23.21.13.9135 అని కనిపిస్తుంది. కంగారు పడవద్దు, చుక్కలు పక్కన పెట్టి చివరి ఐదు అంకెలు చూడండి: 39135, అంటే 391.35.

తణుకు విద్యార్థి (నవంబర్ 7, రాత్రి 9:00)

అన్నయ్యా, మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాదీ ఇలాంటి బాధే అనిపిస్తోంది. ఆన్‌లైన్లో ఒక వ్యక్తి దగ్గర పాత జీటీఎక్స్ 1050 టీఐ, 4 జీబీ కార్డు చవకగా కొన్నాను. ఐటీఐలో స్టైపెండు దాచుకుని కొన్నది. ఏ డ్రైవర్ వేసినా విండోస్ మొదలయ్యేటప్పుడు తెర నల్లబడి ఆగిపోతోంది. ప్రాథమిక డ్రైవర్‌తో మాత్రం బాగానే ఉంది. నేనూ ఐడీ చూడాలా?

కాకినాడ కడలి (నవంబర్ 7, రాత్రి 9:25)

తమ్ముడూ, నీ విషయంలో ఐడీని కూడా నమ్మలేం. పాత ఫెర్మీ చిప్పుల కార్డుల్లోని బయాస్‌ను మార్చి రాసి, అది 1050 టీఐ అని తనకు తాను చెప్పుకునేలా చేసి అమ్మే మోసం ఉంది. విండోస్ ఆ మాట నమ్మి 1050 టీఐ డ్రైవర్ ఎక్కిస్తుంది, లోపలున్న చిప్పుకు అది అర్థం కాక ఆగిపోతుంది. వీడియో కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ అనే ఉచిత పనిముట్టు 2018లో వచ్చిన 2.12 వెర్షన్ నుంచి ఇలాంటి నకిలీలను పసిగట్టి పేరు ముందు ఫేక్ అని చూపిస్తోంది. ప్రాథమిక డ్రైవర్ మీదే దాన్ని నడిపి చూడు.

ఇంకో గుర్తు. 1050 టీఐ 2016లో వచ్చిన చిప్పు, దానికి పాత నీలి వీజీఏ పోర్టుకు నేరుగా సంకేతం ఇచ్చే ఏర్పాటు లేదు. నీ కార్డు వెనక వీజీఏ పోర్టు ఉంటే గట్టిగా అనుమానించాలి.

తణుకు విద్యార్థి (నవంబర్ 7, రాత్రి 9:40)

ఉందన్నయ్యా. వీజీఏ పోర్టు ఉంది.

సఖినేటిపల్లి తీరం (నవంబర్ 8, మధ్యాహ్నం 1:15)

391.35 ఎక్కింది! రెండు మానిటర్లూ వెలిగాయి. వెర్షన్ అంకెలు మీరు చెప్పినట్లే 9135తో ముగిశాయి. మా అమ్మాయి డిప్లొమా చదువుతోంది, డీడీయూ నడిపింది తనే, నేను పక్కన కూర్చుని మీ టపా చదివి వినిపించాను. ఉదయం నుంచి బాగుంది. అందరికీ వందనాలు.

సఖినేటిపల్లి తీరం (నవంబర్ 10, సాయంత్రం 6:40)

తొందరపడి వందనాలు చెప్పాను. శనివారం బాగానే ఉంది, నిన్న పెద్దగా వాడలేదు. ఇవాళ పెద్దకర్మ భోజనాలకు వెళ్లి వచ్చాక మధ్యాహ్నం నా భార్య పనికి కూర్చుంది. గంటలో తెర మూడుసార్లు నల్లబడి వచ్చింది, డ్రైవర్ స్పందించడం ఆగి మళ్ళీ కోలుకుందని మూలన ఒక సందేశం. నాలుగోసారి రెండో మానిటర్ పోయింది. డివైస్ మేనేజర్లో కార్డు పక్కన పసుపు త్రికోణం, లోపల కోడ్ 43 అని, సమస్యల వల్ల విండోస్ ఈ పరికరాన్ని ఆపేసిందని ఉంది. మళ్ళీ మొదటికి వచ్చామా?

రాజమహేంద్రవరం రేవు (నవంబర్ 10, రాత్రి 7:05)

ఆ సందేశం టీడీఆర్ అనే ఏర్పాటు నుంచి వస్తుంది. విండోస్ విస్టా నుంచి ఉంది. వీడియో కార్డుకు పని అప్పజెప్పి రెండు సెకన్లలో జవాబు రాకపోతే, యంత్రం మొత్తం బిగుసుకుపోకుండా విండోస్ డ్రైవర్‌ను ఆపి మళ్ళీ మొదలుపెడుతుంది. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో టీడీఆర్‌డిలే అనే విలువ పెట్టి ఆ రెండు సెకన్లను ఎనిమిదికో పదికో పెంచవచ్చు. పాత కార్డులు నెమ్మదిగా పనిచేస్తాయి కాబట్టి నేను అలాగే పెట్టుకున్నాను, ఇబ్బంది తగ్గింది.

భీమవరం బెంచి (నవంబర్ 10, రాత్రి 7:50)

రేవు గారూ, మీ వివరణ సరైనదే, కానీ ఈ ఇంట్లో ఆ మందు వద్దని గట్టిగా చెబుతున్నాను. బరువైన త్రీడీ లెక్కలు చేయించి కార్డు నిజంగా ఆలస్యమవుతుంటే గడువు పెంచడం న్యాయం. పెద్దకర్మ కార్డు టైపు చేస్తుంటే రెండు సెకన్లు జవాబు ఇవ్వని చిప్పు నెమ్మదిగా లేదు, ఊపిరాడక ఉంది. గడువు పెంచితే సందేశం తగ్గుతుంది, లోపల కాలడం తగ్గదు.

సఖినేటిపల్లి గారూ, ఇందులో తప్పు నాది కూడా. మీ మొదటి టపా మళ్ళీ చదివాను. మీరు ఏ డ్రైవర్ జోలికీ వెళ్లకముందే తెర క్షణం నల్లబడి వచ్చేదని రాశారు. పాత డ్రైవర్ తొలగిపోయి ప్రాథమిక డ్రైవర్ మీద ఉన్నప్పుడు కూడా పావుగంటకోసారి నల్లబడిందని రాశారు. కార్డు తీసేసిన రాత్రి గంటన్నర ఒక్కసారి కూడా ఆగలేదు. మూడు డ్రైవర్లు మారినా రోగం మారలేదు, కార్డు తీసేస్తే పోయింది. ఈ వరుస నేను శుక్రవారమే పట్టుకోవాల్సింది. ఎఫ్1 దొరికిన సంతోషంలో అక్కడే ఆగిపోయాను.

సరైన డ్రైవర్ పడ్డాక శనివారం ఎందుకు బాగుందంటారా, పని లేనప్పుడు చిప్పు వేగాన్ని తగ్గించి చల్లగా ఉంచేది డ్రైవరే. రెండు మానిటర్ల మీద గంట సేపు పని పడేసరికి ఆ వెసులుబాటు చాలలేదు.

రేపు ఈ పనులు చేయండి. పెట్టిన వెంటనే మూత తీసి కార్డు ఫ్యాను తిరుగుతోందో లేదో కళ్లతో చూడండి. జీపీయూ-జెడ్‌లో ఉష్ణోగ్రత చూసి రాయండి. తర్వాత అన్నీ ఆపి కార్డు బయటకు తీయండి, స్లాటులో కూర్చునే బంగారు రంగు పళ్ల ఫోటో, చిప్పు వేడిని లాగే రేకుల దిమ్మ, అదే హీట్‌సింకు, ఫోటో పెట్టండి. మీ ఇంటికి సముద్రం ఎంత దూరం? చుట్టుపక్కల ధాన్యం మిల్లు గానీ పీచు మిల్లు గానీ ఉందా?

పాలకొల్లు ప్లగ్గు (నవంబర్ 10, రాత్రి 8:30)

నేను కరెంటు పనివాణ్ణి, డ్రైవర్ల గురించి తెలియదు. ఒక్క మాట మాత్రం చెప్పాలనిపించింది. చెరువుల ఊళ్లలో రాత్రిళ్లు చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లన్నీ ఒకేసారి తిరిగితే వోల్టేజీ పడిపోవడం రోజూ చూస్తాను. మీకు మధ్యాహ్నం వస్తోంది కాబట్టి కారణం అది కాకపోవచ్చు. అయినా తుపానులో ఎర్తు తీగ తెగిన ఇళ్లు చాలా ఉన్నాయి. క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి సన్నగా జిల్లుమంటే ముందు ఎర్తు చూపించుకోండి, లోపల చేయి పెట్టడం తర్వాత. అది కంప్యూటర్ కోసం చెప్పే మాట కాదు, మీ అమ్మాయి కోసం.

సఖినేటిపల్లి తీరం (నవంబర్ 11, రాత్రి 8:20)

వరుసగా రాస్తాను.

ఎర్తు ముందు చూపించాను. పెరట్లో కొబ్బరి చెట్టు పడినప్పుడు తీగ నిజంగానే ఊడిపోయింది. కొత్తది వేయించాం. పాలకొల్లు గారికి మా ఇంటిల్లిపాదీ నమస్కారాలు.

సముద్రం మాకు కొద్ది దూరమే, రాత్రి హోరు వినిపిస్తుంది. ఇంటి వెనక వీధిలో కొబ్బరి పీచు తీసే మిల్లు ఉంది. బెంచి గారు ఆ ప్రశ్న ఎలా అడిగారో!

మూత తీసి పెడితే వీడియో కార్డు ఫ్యాను కదలలేదు. వేలితో తోస్తే రెండు చుట్లు తిరిగి ఆగింది. ఏ పనీ చేయకుండానే ఉష్ణోగ్రత పది నిమిషాల్లో 88 డిగ్రీలకు చేరింది, భయపడి ఆపేశాను. కార్డు బయటకు తీస్తే హీట్‌సింకు రేకుల మధ్య పీచు ధూళి గోధుమరంగు దూది పరుపులా పట్టేసి ఉంది, చెమ్మకు గడ్డకట్టింది. పళ్ల మీద అక్కడక్కడా ఆకుపచ్చని చుక్కలు. ఫోటోలు జత చేశాను.

భీమవరం బెంచి (నవంబర్ 11, రాత్రి 8:45)

మన తీరంలో ఈ రెండూ కలిస్తే ఇంతే. పీచు ధూళి గాలిని ఆపుతుంది, ఉప్పు చెమ్మ రాగిని తింటుంది. తుపాను రాత్రి కిటికీల్లోంచి కొట్టిన జల్లు ఆ ధూళిని తడిపి ముద్ద చేసి ఉంటుంది, ఫ్యాను అప్పుడే పట్టేసి ఉంటుంది.

ఫోటో చూస్తే పళ్లు పూర్తిగా తినుకుపోలేదు, బతికించవచ్చు. పెన్సిలు రబ్బరు, తెల్లది మెత్తనిది తీసుకుని పళ్ల వెంట ఒకే దిశలో నెమ్మదిగా రుద్దండి. గరుకు కాగితం ఎంతమాత్రం వాడవద్దు, బంగారు పూత లేచిపోతుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, మందుల దుకాణంలో అడగండి. హీట్‌సింకు ధూళిని మెత్తని కుంచెతో తీయండి. ఫ్యాను మధ్యలో ఉన్న స్టిక్కరు కొంచెం ఎత్తి కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేయండి, ఒక్కటే. ఎక్కువైతే చుట్టూ చిమ్మి మళ్ళీ ధూళిని పట్టుకుంటుంది. హీట్‌సింకు విప్పగలిగితే చిప్పు మీద ఎండిపోయిన, వేడిని హీట్‌సింకుకు చేర్చే పాత పేస్టు తుడిచి బియ్యపు గింజంత కొత్తది పెట్టండి. విప్పడం ధైర్యం చాలకపోతే వదిలేయండి, ఫ్యాను తిరిగితే సగం జబ్బు పోయినట్లే.

అమలాపురం అక్షరం (నవంబర్ 11, రాత్రి 9:10)

ఒక చిన్న మాట. ఈ పని మొదలుపెట్టే ముందు ఆ డిస్కులో ఉన్న డిజైన్లన్నీ ఒక పెన్‌డ్రైవులోకి తీసుకోండి. కార్డుకూ డిస్కుకూ సంబంధం లేదని తెలుసు. అయినా పదేళ్ల శుభలేఖల ఫైళ్లు పోగొట్టుకున్న ఇల్లు నేను చూశాను, ఆవిడ వారం రోజులు అన్నం సరిగా తినలేదు.

రాజమహేంద్రవరం రేవు (నవంబర్ 11, రాత్రి 9:30)

బెంచి గారి మాటతో ఏకీభవిస్తున్నాను. నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను, ఇంటికి వెళ్లి నా కార్డు ఫ్యాను కూడా చూస్తాను.

మరో సంగతి. విండోస్ 10 సాధారణ మద్దతు అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవారు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా సవరణలు వస్తాయి. ఈ ప్రాసెసర్ విండోస్ 11 అధికారిక జాబితాలో లేదు. లైనక్స్‌కు మారే ఆలోచన ఉంటే, ఫెర్మీ చిప్పులకు అందులో నూవో అనే స్వేచ్ఛా డ్రైవర్ ముందే ఉంటుంది, దించుకునే బాధ లేదు.

సఖినేటిపల్లి తీరం (నవంబర్ 11, రాత్రి 9:45)

నా భార్య వాడే పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేరు విండోస్ మీదే నడుస్తుంది. పాత ఫైళ్లన్నీ ఆ అక్షరాల్లోనే ఉన్నాయి, అన్ని చోట్లా చదవగలిగే యూనికోడ్ కాదు. వాటిని వదిలి వెళ్లలేం. ఆ నమోదు చేసుకుంటాం. బ్యాంకు పనులు, మెయిలు ఇకపై ఫోనులోనే చూసుకుంటాం.

తణుకు విద్యార్థి (నవంబర్ 12, సాయంత్రం 4:00)

జీపీయూ-జెడ్‌లో పేరు ముందు ఫేక్ అని వచ్చిందన్నయ్యా. లోపలున్నది జీటీఎస్ 450 చిప్పు. అమ్మినవాడు ఫోను ఎత్తడం లేదు. డబ్బు కట్టిన యాప్‌లో ఫిర్యాదు పెట్టాను, జీపీయూ-జెడ్ తెర ఫోటో జత చేశాను.

కాకినాడ కడలి (నవంబర్ 12, సాయంత్రం 4:30)

మంచి పని చేశావు. కొన్న సైటులో అమ్మకపు ప్రకటన ఇంకా ఉంటే అదీ ఫోటో తీసి పెట్టుకో, వాళ్లు తీసేయకముందే. 1930 నంబరుకు ఫోన్ చేసి కూడా చెప్పు, సైబర్ మోసాలకు ప్రభుత్వం పెట్టినది. ఆ కార్డును ఇంకొకరికి మాత్రం అమ్మవద్దు తమ్ముడూ, ఈ పేరుతో అది మళ్ళీ ఎవరి ఇంటికీ వెళ్లకూడదు. నా దగ్గర పాత జీటీ 710 ఒకటి ఊరికే ఉంది. ఆటలకు పెద్దగా పనికిరాదు కానీ నీ చదువుకు తెర వెలుగుతుంది. కాకినాడ వైపు వస్తే తీసుకువెళ్లు.

తణుకు విద్యార్థి (నవంబర్ 12, సాయంత్రం 4:35)

ఆదివారం వస్తానన్నయ్యా.

సఖినేటిపల్లి తీరం (నవంబర్ 16, రాత్రి 7:30)

నాలుగు రోజులు ఆగి, బాగా వాడి చూశాకే రాస్తున్నాను.

బుధవారం కార్డు శుభ్రం చేశాం. రబ్బరుతో రుద్దితే ఆకుపచ్చని చుక్కలు పోయాయి, ఒక పంటి చివర మాత్రం నల్లగా మిగిలింది. హీట్‌సింకు మా అమ్మాయి విప్పింది. పాత పేస్టు సున్నంలా రాలిపోయింది. నూనె మా ఇంటి కుట్టుమిషనుదే, సూది మొనతో ఒక్క చుక్క వేశాం. పెట్టగానే ఫ్యాను తిరిగింది, ఆ చప్పుడు విని ఎన్నాళ్లయిందో! కోడ్ 43 లేదు. రెండు మానిటర్లతో మధ్యాహ్నమంతా పనిచేసినా 63 డిగ్రీలు దాటలేదు. విండోస్ తన సంఘటనలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్లో 4101 సంఖ్యతో నమోదయ్యే ఆ డ్రైవర్ ఆగిన సందేశం సోమవారం తర్వాత ఒక్కటి కూడా లేదు.

క్యాబినెట్‌ను కిటికీ దగ్గర నుంచి లోపలి గోడకు మార్చాం. ఒక కాగితం మీద 10డీఈ, 0ఎఫ్02, 391.35 అని, బ్యాటరీ మార్చిన తేదీ, ఫ్యానుకు నూనె వేసిన తేదీ రాసి మూత లోపలి వైపు అంటించాను. డ్రైవర్ ఫైలు కూడా డిజైన్లతో పాటు పెన్‌డ్రైవులో పెట్టాం.

అక్కా, ఆ రాత్రి మీరు కార్డు తీసేయమన్నారు కాబట్టి పక్కింటివాళ్ల పని ఆగలేదు. వాళ్లబ్బాయి నిన్న వచ్చి, తండ్రి పేరు ఒక్క అక్షరం కూడా తప్పు లేకుండా పడిందని చెప్పి వెళ్లారు.

భీమవరం బెంచి (నవంబర్ 16, రాత్రి 8:05)

ఆ నల్లగా మిగిలిన పంటి ఫోటో ఒకటి పెట్టండి. అది పక్కకు పాకుతోందో లేదో సంక్రాంతికి మళ్ళీ తీసి పోల్చి చూద్దాం.